అమెరికా నుంచి తెచ్చిన గడియారాన్ని రిపేరుకి ఇవ్వకండి

సంపాదకులకు నమస్కారం.

కిందటి నెల మా తెనాలిలో చేతి వాచీకి సెల్ వేయించుకుందామని ఒక షాపుకి వెళ్తే, అక్కడ నా ఈడు ఆయనే ఒకరు పలకంత గడియారం కౌంటర్ మీద పెట్టి షాపతనితో వాదిస్తున్నారు. వాళ్ల అబ్బాయి అమెరికా నుంచి తెచ్చాడట, అటామిక్ క్లాక్ అట, టైమ్ దానంతట అదే పెట్టుకుంటుందట, బయట ఎండ ఎన్ని డిగ్రీలో కూడా చెబుతుందట. తెచ్చిన రోజు నుంచి ఒక్క పూట సరైన టైమ్ చూపిస్తే ఒట్టు. షాపతను అప్పటికి రెండుసార్లు విప్పి, సర్క్యూట్ పోయిందని రెండుసార్లూ డబ్బులు పుచ్చుకుని, మూడోసారి స్క్రూడ్రైవర్ తీస్తున్నాడు. నేను ఆపి, అయ్యా దీంట్లో ఏమీ పోలేదు, ఇది వినాల్సిన స్టేషన్ మన దేశంలో లేదు, అంతే, అన్నాను. ఇద్దరూ నన్ను అదోలా చూశారు. ఆ పెద్దాయనకి అరగంట చెప్పాల్సి వచ్చింది. ఇలాంటి గడియారాలు మన ఇళ్లల్లో ఇంకా ఎన్ని మూల పడి ఉన్నాయో, ఎందరు తల్లిదండ్రులు అమెరికాలో పిల్లల ఇళ్లకి వెళ్లి ఈ డబ్బా విప్పి తల పట్టుకుంటున్నారో అనిపించి ఈ ఉత్తరం రాస్తున్నాను. కాస్త పొడుగే అవుతుంది, వీలైతే వేయండి.

నేను రైల్వేలో ముప్ఫై నాలుగేళ్లు స్టేషన్ మాస్టర్‌గా చేసి రిటైరయ్యాను. టైమ్ అంటే నాకు కాస్త చాదస్తం ఉన్నమాట నిజమే. మా ఉద్యోగంలో రోజూ సాయంత్రం సరిగ్గా 16 గంటలకి టైమ్ సిగ్నల్ అని ఉండేది, జనరల్ రూల్స్ పుస్తకంలోనే రాసి ఉంటుంది. ఆ వేళకి ఆ లైన్ మీద బండ్ల రాకపోకలు చూసే సెక్షన్ కంట్రోలర్ ఫోన్‌లో టైమ్ ఇస్తే, లైన్ పొడుగునా ఉన్న స్టేషన్ మాస్టర్లందరం ఫోన్ చెవిన పెట్టుకుని గోడ గడియారం సరిచేసుకునేవాళ్లం. మా గడియారం మంచిదా చెడ్డదా అన్న ప్రశ్నే లేదు, నాలుగింటికి దిద్దుకున్నామా లేదా అన్నదే లెక్క. ఈ అమెరికా గడియారం చేసేదీ అచ్చంగా అదే పని. కాకపోతే ఫోన్ బదులు రేడియో, సాయంత్రం నాలుగింటికి బదులు అర్ధరాత్రి దాటాక.

డబ్బా మీద అటామిక్ అని పెద్ద అక్షరాలతో వేస్తారు గానీ లోపల అణువూ లేదు, పరమాణువూ లేదు. మా ఆవిడైతే దాన్ని మనవరాలి ఉయ్యాల దగ్గర పెట్టనివ్వలేదు, రేడియేషన్ వస్తుందని. లోపల ఉన్నది మామూలు క్వార్ట్జ్ గడియారం, దాని పక్కన చిటికెన వేలంత నల్లటి కడ్డీకి రాగి తీగ చుట్టిన చిన్న ఏరియల్, ఒక రిసీవర్. అణు గడియారాలు ఉన్నది కొలరాడో రాష్ట్రంలో, ఫోర్ట్ కాలిన్స్ అనే ఊరి దగ్గర. అక్కడ డబ్ల్యూ డబ్ల్యూ వీ బీ అని అమెరికా ప్రభుత్వ స్టేషన్ 1963 నుంచి 60 కిలోహెర్ట్జ్ మీద రాత్రింబగళ్లు టైమ్ చెబుతూనే ఉంది. 122 మీటర్ల స్తంభాలు, 70 కిలోవాట్ల పవర్. పాటలు లేవు, వార్తలు లేవు, టైమ్ ఒక్కటే. సీజియం అనే లోహపు పరమాణువు నుంచి వచ్చే తరంగం 919,26,31,770 సార్లు ఊగితే ఒక సెకను అన్న లెక్క మీద నడిచే గడియారాలు అక్కడ కాపలా ఉంటాయి.

చెప్పే పద్ధతి వింటే రైల్వే వాళ్లకి ప్రాణం లేచొస్తుంది. మాకు పక్క స్టేషన్‌తో కలిపే బ్లాక్ ఇన్‌స్ట్రుమెంట్ అనే యంత్రం మీద గంట కోడ్ ఉండేది. ఒక దెబ్బ కొడితే ఫోన్‌లోకి రమ్మని, రెండు కొడితే లైన్ క్లియరా అని, మూడు కొడితే బండి బయల్దేరి సెక్షన్‌లోకి, అంటే రెండు స్టేషన్ల మధ్య లైన్‌లోకి వచ్చిందని, నాలుగు కొడితే బండి సెక్షన్ దాటిందని. ఫోర్ట్ కాలిన్స్ వాడూ అలాగే సెకనుకి ఒక దెబ్బ కొడతాడు. ప్రతి సెకను మొదట్లో సిగ్నల్ బలం ఒక్కసారి తగ్గిస్తాడు. 0.2 సెకనులో మళ్లీ పెంచితే సున్నా, 0.5 అయితే ఒకటి, 0.8 అయితే అది హద్దు గుర్తు. ఇలా 60 సెకన్లలో 60 దెబ్బలు పూర్తయ్యేసరికి నిమిషం, గంట, ఏడాదిలో ఎన్నో రోజు, ఏ సంవత్సరం, ఎండాకాలపు టైమ్ నడుస్తోందా లేదా, అన్నీ చెప్పేసినట్టే. అంటే మన గడియారానికి మొత్తం కబురు ఒకసారి అందాలంటే కనీసం ఒక నిమిషం పాటు అడ్డం లేకుండా వినపడాలి. ఒక్కసారి విని నమ్మదు, రెండు మూడు నిమిషాలు విని పోల్చుకుంటుంది. మధ్యలో ఎవడో మొబైల్ చార్జర్ పెడితే మళ్లీ మొదటికి.

ఇదంతా నేను పుట్టుకతో నేర్చుకున్నది కాదు. మా అమ్మాయి పురుటికని అక్టోబర్‌లో మిన్నియాపోలిస్ వెళ్లాం, ఏప్రిల్ దాకా ఉన్నాం. వెళ్లిన మూడో రోజు మా అల్లుడు ఈ గడియారం తెచ్చాడు. బయట చలి ఎంతుందో కిటికీ తీయకుండా అత్తయ్యగారికి తెలుస్తుందని. పాపం మంచి ఉద్దేశమే. డబ్బా విప్పగానే గడియారంలో సెల్స్ వేశాడు, టైమ్ రాలేదు, బటన్లన్నీ నొక్కాడు, రాలేదు, సెల్స్ తీసి మళ్లీ వేశాడు. గంటసేపు ఇదే తంతు. చివరికి, ‘మావయ్యగారూ, ఇది డిఫెక్టివ్ పీస్, రేపు వెనక్కి ఇచ్చేస్తాను’ అన్నాడు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగి కదా, రెండు నిమిషాల్లో కనెక్ట్ కాకపోతే చెడిపోయిందనే అనుకుంటాడు. నేను డబ్బాలో వచ్చిన సూచనల కాగితం ఇటివ్వమన్నాను. చీమ తలకాయంత అక్షరాలు, మూడు భాషలు, భూతద్దం పెట్టి చదివాను. చదివితే తెలిసిందేమిటంటే మనవాడు చేసిన ప్రతి పనీ తలకిందులుగా చేశాడు.

మొదట సెల్స్ వేయాల్సింది గడియారంలో కాదు, దాంతో పాటు వచ్చే, బయటి వేడి కొలిచే చిన్న డబ్బాలో, అంటే సెన్సర్‌లో. తర్వాత గడియారంలో. రెండింటినీ ఒకే బల్ల మీద పక్కపక్కన పెట్టాలి. అప్పుడు సెన్సర్ పంపే కబురు గడియారం పట్టుకుని, ఇది నాది అని గుర్తుపెట్టుకుంటుంది. ఈ కబురుకి కొలరాడోతో ఏ సంబంధమూ లేదు, ఇది 433 మెగాహెర్ట్జ్ దగ్గర నడిచే వేరే రేడియో, ఇంటి ఆవరణ దాటదు. చాలామంది ఈ రెండు రేడియోలనీ ఒకటే అనుకుని గందరగోళపడతారు. టైమ్ రాకపోతే సెన్సర్ మార్చేవాళ్లని చూశాను, టెంపరేచర్ రాకపోతే గడియారాన్ని కిటికీ దగ్గరికి జరిపేవాళ్లనీ చూశాను. దేని దారి దానిది. సెల్స్ వేశాక పావుగంట, ఇరవై నిమిషాలు చేతులు కట్టుకుని కూర్చోవాలి, ఏ బటనూ ముట్టుకోకూడదు. ముట్టుకుంటే వెతుకులాట ఆగిపోతుంది. మా ఇంట్లో ఆ పావుగంట అందరికంటే కష్టపడింది మా అల్లుడే.

సరే, బయటి టెంపరేచర్ వచ్చింది. టైమ్ మాత్రం రాలేదు, తెర మీద సిగ్నల్ గుర్తుగా ఉండే స్తంభం బొమ్మ ఇంకా వెతుకుతున్నానన్నట్టు మిణుకు మిణుకుమంటూ ఉంది. రాదు మరి, అప్పుడు మధ్యాహ్నం పన్నెండు. పగటిపూట ఆకాశంలో కింది పొర ఒకటి ఇలాంటి పొడుగు అలల్ని తాగేస్తుంది, రాత్రి ఆ పొర పోతుంది, పైపొర మీద తగిలి సిగ్నల్ దూరం పోతుంది. చిన్నప్పుడు రేడియోలో రాత్రి తొమ్మిది దాటాక మీడియం వేవ్‌లో ఎక్కడెక్కడి స్టేషన్లో వినపడేవి చూడండి, ఆ సంగతే. అందుకని డబ్బా విప్పిన రోజే టైమ్ రావాలని పట్టుబట్టకూడదు, ఒక రాత్రి ఆగాలి. మిన్నియాపోలిస్ నుంచి ఫోర్ట్ కాలిన్స్ వెయ్యి కిలోమీటర్ల పైచిలుకు ఉంటుంది కాబట్టి మాకు ఒక్క రాత్రి చాలింది. న్యూజెర్సీలో ఉన్న మా తమ్ముడి కొడుకుది రెండున్నర వేల కిలోమీటర్ల దూరం, వాడికి మూడు నాలుగు రాత్రులు పట్టింది, అదీ వంటింట్లోంచి తీసి పడకగది కిటికీలో పెట్టాక.

ఎక్కడ పెట్టాలన్నదీ ముఖ్యమే. మా అల్లుడు టీవీ పక్కన పెట్టాడు. టీవీ, కంప్యూటర్ మానిటర్, మైక్రోవేవ్, చార్జర్లు, కొన్ని ఎల్ఈడీ బల్బులు ఇవన్నీ ఆ సన్నటి సిగ్నల్ మీద గోల చేస్తాయి. కనీసం ఆరడుగుల దూరం కావాలి. ఇనుప బీరువా మీద, ఫ్రిజ్ మీద, కాంక్రీటు బేస్‌మెంట్‌లో పెడితే ఇక అంతే సంగతులు. ఇంకొకటి, లోపలి ఏరియల్ కడ్డీ గడియారం పొడుగునా అడ్డంగా పడుకుని ఉంటుంది, సిగ్నల్ దాని పక్కల మీదికి రావాలి గానీ కొసల మీదికి కాదు. అందుకని గడియారం ముఖం గానీ వీపు గానీ కొలరాడో వైపు ఉండేట్టు చూసుకోవాలి. మాకు కొలరాడో నైరుతి మూల. నైరుతి కిటికీలో పెట్టమంటే మా అల్లుడు నవ్వి, ‘గడియారానికి కూడా వాస్తు చూస్తున్నారా మావయ్యగారూ’ అన్నాడు.

పొద్దున్నే లేచి చూద్దుము కదా, స్తంభం బొమ్మ నిలకడగా వెలుగుతోంది, టైమ్ వచ్చింది. వచ్చింది గానీ సరిగ్గా మూడు గంటలు వెనక. మా అల్లుడు ‘చెప్పానా’ అన్నాడు. నేను నా చేతి వాచీ వైపు, ఫోన్ వైపు చూశాను. నిమిషాలు సరిగ్గా ఉన్నాయి, సెకన్లు కూడా అడుగులో అడుగు వేస్తున్నాయి. నిమిషాలూ సెకన్లూ కలిశాయంటే సిగ్నల్ అందినట్టే, తప్పు గంటల్లో ఒక్కదాంట్లోనే ఉంటే అది మన సెట్టింగ్‌లో తప్పు. ఈ ఒక్క ముక్క గుర్తుంటే సగం గడియారాలు షాపుకి తిరిగెళ్లవు. స్టేషన్ వాడు చెప్పేది ప్రపంచం మొత్తానికి ఒకటే అయిన గ్రీన్విచ్ లెక్క, అందులోంచి ఎన్ని గంటలు తీసేయాలో మనం చెప్పాలి. వెనక టైమ్ జోన్ బటన్‌కి పీ, ఎమ్, సీ, ఈ అని నాలుగు అక్షరాలుంటాయి, పసిఫిక్, మౌంటెన్, సెంట్రల్, ఈస్టర్న్. మాది సెంట్రల్, గడియారం పసిఫిక్‌లో ఉంది. అక్కడ రెండు గంటలు పోయాయి. మరి మూడోది?

మూడోది డీఎస్టీ, అంటే ఎండాకాలపు టైమ్ అనే బటన్ దగ్గర పోయింది. అమెరికాలో మార్చి రెండో ఆదివారం గడియారం గంట ముందుకి, నవంబర్ మొదటి ఆదివారం గంట వెనక్కి జరుపుతారు, 2007 నుంచి ఈ తేదీలు. మా అల్లుడు ఎండాకాలం అయిపోయింది కదా అని దాన్ని ఆఫ్ చేశాడు. చేయకూడదు. ఆ బటన్ అర్థం ఇప్పుడు ఎండాకాలమా అని కాదు, మీ ఊళ్లో ఈ జరుపుడు ఆచారం ఉందా అని. ఉంటే ఏడాది పొడుగునా ఆన్‌లోనే ఉంచాలి, ఎప్పుడు జరపాలో స్టేషన్ వాడే చెబుతాడు. ఆచారం లేని చోట, అంటే అరిజోనాలో ఫీనిక్స్ లాంటి ఊళ్లల్లో ఉన్న మనవాళ్లు ఆఫ్‌లో ఉంచుకోవాలి. రెండూ సరిచేయగానే మూడు గంటలూ వచ్చి పడ్డాయి. ఆ రోజు కాఫీ మా అల్లుడే కలిపి ఇచ్చాడు.

ఇక సెన్సర్ కథ దీనికంటే పెద్దది. టెంపరేచర్ వచ్చింది కదా అని దాన్ని పట్టుకెళ్లి వెనక డెక్ కమ్మీకి తగిలించాం, దక్షిణం వైపు. మధ్యాహ్నానికి 75 చూపించింది, ఫారన్‌హీట్‌లో. అంటే మన 24. మా ఆవిడ అది చూసి స్వెట్టర్ లేకుండా గుమ్మం దాటి, వెళ్లినంత వేగంగా లోపలికొచ్చింది. బయట నిజంగా ఉన్నది 50, మన పది డిగ్రీలు. ఎండ పొడ నేరుగా ఆ ప్లాస్టిక్ డబ్బా మీద పడితే అది డబ్బా వేడి చెబుతుంది, గాలి వేడి చెప్పదు. వాతావరణ శాఖ వాళ్లు ధర్మామీటర్లని తెల్ల రంగు వేసిన సందుల తలుపుల పెట్టెలో, మనిషి ఛాతీ ఎత్తున పెట్టేది ఇందుకే. మనకి పెట్టె అక్కర్లేదు గానీ ఉత్తరపు గోడకి, చూరు కింద, వాన పడకుండా, గాలి ఆడేట్టు, నేలకి ఐదారడుగుల ఎత్తున పెడితే చాలు. బట్టలు ఆరబెట్టే మిషన్ గాలి గొట్టం పక్కన, వంటింటి పొగగొట్టం పక్కన పెట్టకూడదు. గోడకి ఇనుప రేకు తాపడం ఉంటే కబురు లోపలికి రాదు. కాగితం మీద రెండు వందల అడుగులు, మూడు వందల అడుగులు అని రాస్తారు గానీ అది ఖాళీ మైదానం లెక్క, రెండు గోడలు దాటితే సగానికి పడిపోతుంది. ఉత్తరం వైపు గ్యారేజీ చూరు కింద పెట్టాక మాకు లెక్క కుదిరింది.

కుదిరిందనుకున్నాం. వారం తర్వాత ఒక రోజు సెల్స్ తీసి మళ్లీ వేస్తే, బయట గడ్డి మీద మంచు పేరుకుంటుంటే మా గడియారం 68 చూపిస్తోంది, అంటే ఇరవై డిగ్రీల సెల్సియస్. రెండు రోజులు బుర్ర బద్దలు కొట్టుకున్నాను. చివరికి తేలిందేమిటంటే పక్కింటి వాళ్లదీ ఇలాంటి సెన్సరే, వాళ్లది ఇంకా గ్యారేజీ లోపలే ఉంది, రెండూ ఒకటో ఛానెల్ మీదే. సెల్స్ మార్చగానే మా గడియారం ముందు వినపడిన గొంతుకి పలికింది, అది పక్కింటిది అయింది. సెన్సర్ వెనక సెల్స్ తలుపు తీస్తే 1, 2, 3 అని చిన్న జరుపుడు మీట ఉంటుంది. దాన్ని 2కి జరిపి, గడియారంలోనూ 2 పెట్టి, రెండింటికీ మళ్లీ సెల్స్ వేసి మొదటి నుంచి మొదలుపెడితే మా ఇంటి చలి మా ఇంటికి వచ్చింది. అపార్టుమెంట్లలో ఉండేవాళ్లు దీన్ని మొదట చూసుకోండి.

జనవరిలో ఒక తెల్లవారుజామున మైనస్ 20 ఫారన్‌హీట్, అంటే మైనస్ 29 సెల్సియస్ దాకా పోయింది. అదే చివరిగా చూపించిన అంకె, తర్వాత రెండు గీతలు తప్ప ఏమీ లేదు. ఈసారి నిజంగానే సెల్స్ పడుకున్నాయి. మనం మామూలుగా వాడే ఆల్కలైన్ పెన్సిల్ సెల్స్‌లో ఉండేది నీళ్ల రసాయనం, అంత చలికి అవి పనిచేయవు. అక్కడ లిథియం పెన్సిల్ సెల్స్ దొరుకుతాయి, అదే సైజు, అదే 1.5 వోల్టులు, మైనస్ 40 దాకా తట్టుకుంటాయి. ధర ఎక్కువే, కాని వేయక తప్పదు. మైనస్ 40 దగ్గర ఇంకో తమాషా, అక్కడ ఫారన్‌హీటూ సెల్సియసూ ఒకటే అంకె అవుతాయి, ఇది మా మనవడికి చెబితే వాడు మూడు రోజులు అందరినీ పరీక్ష పెట్టాడు. చార్జింగ్ సెల్స్ మాత్రం వద్దు, వాటివి 1.2 వోల్టులే, నాలుగు రోజులకే నీరసపడి సెన్సర్ ఆగి ఆగి పలుకుతుంది, మనం దూరం ఎక్కువైందనుకుని ఇల్లంతా తిప్పుతాం. చలిలో సెల్స్ మార్చేటప్పుడు సెన్సర్‌ని లోపలికి తెచ్చి, గడియారం పక్కన కూర్చోబెట్టి కలిపి, అప్పుడు బయటికి తీసుకెళ్లండి. గ్లవ్స్ తీసి ఆ చిన్న స్క్రూ బయట విప్పుదామని చూశాను, వేళ్లు నావి కాకుండా పోయాయి.

మార్చి రెండో ఆదివారం వచ్చింది. శనివారం రాత్రి మా అమ్మాయి స్టవ్ మీద గడియారం, మైక్రోవేవ్ గడియారం, కారులోది అన్నీ ముందుకి జరుపుతోంది. నేను మాత్రం దీన్ని ముట్టుకోనివ్వలేదు. మనవరాలు ఎలాగూ నిద్రపోనివ్వదు కాబట్టి దాన్ని భుజాన వేసుకుని నేనూ ఆ గడియారం ముందు కూర్చున్నాను. ఒకటి యాభై తొమ్మిది దాటగానే రెండు రావాల్సిన చోట మూడు పడింది. ఎవరూ ముట్టుకోలేదు. ముప్ఫై నాలుగేళ్లు ఫోన్ చెవిన పెట్టుకుని ముల్లు జరిపినవాణ్ణి కదా, ఆ గొంతు వినపడకుండా గడియారం తనంతట తాను దిద్దుకోవడం చూస్తే ఏదోలా అనిపించింది. మా అల్లుడికి చెబితే, ఫోన్లలో రోజూ జరిగేదే కదా మావయ్యగారూ అన్నాడు. కరెక్టే మరి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఇంతగా మోజు పడ్డాను కాబట్టి వచ్చేటప్పుడు నేనూ ఒకటి కొనుక్కొచ్చాను, తెలిసే కొన్నాను, టైమ్ కోసం కాదు, టెంపరేచర్ కోసం. తెనాలిలో దాని స్తంభం బొమ్మ ఒక్క రాత్రి కూడా వెలగలేదు, వెలగదు. 60 కిలోహెర్ట్జ్ మీద టైమ్ చెప్పే స్టేషన్ మన దేశంలో లేదు. ఒకప్పుడు ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల ఏటీఏ అనే పేరుతో 10 మెగాహెర్ట్జ్ షార్ట్‌వేవ్ మీద టైమ్ ఇచ్చేది, ఇప్పుడది లేదు, ఉన్నా ఈ గడియారాలకి ఆ భాష రాదు. చిన్నప్పుడు వార్తల ముందు ఆకాశవాణి కొట్టే పిప్పులు విని ఊరంతా వాచీలు దిద్దుకునేవాళ్లం, అది కూడా మనుషులకి గానీ గడియారాలకి కాదు. పోనీ అమెరికా జోన్లలో ఏదో ఒకటి పెట్టి ఏఎమ్‌ని పీఎమ్ అనుకుంటే సరిపోతుందేమో అని ఒకాయన నన్ను అడిగారు. అదీ కుదరదు, ఆ జోన్లన్నీ నిండు గంటలు, మనది ఐదున్నర, అరగంట ఎప్పుడూ తేడా కొడుతుంది.

ఇంగ్లండ్, జర్మనీ, జపాన్‌లలో ఉన్న పిల్లలు తెచ్చేవీ ఇంతే. ఇంగ్లండ్‌ది ఆన్‌థార్న్ అనే ఊరి నుంచి వచ్చే సిగ్నల్, అదీ 60 కిలోహెర్ట్జే, కాని కోడ్ వేరు, అమెరికా గడియారం లండన్‌లో కూడా మూగదే. జర్మనీది ఫ్రాంక్‌ఫర్ట్ దగ్గర మైన్‌ఫ్లింగెన్ నుంచి, 77.5 కిలోహెర్ట్జ్, రెండు వేల కిలోమీటర్ల దాకా వినపడుతుందంటారు, మన దాకా ఎక్కడ? జపాన్‌కి రెండు స్టేషన్లున్నాయి, 2011 మార్చిలో ఫుకుషిమా అణు ప్రమాదం జరిగినప్పుడు ఆ దగ్గరున్న స్టేషన్‌ని వదిలి సిబ్బంది వెళ్లిపోవాల్సి వచ్చి, కొన్ని వారాలు దాని మీద ఆధారపడ్డ గడియారాలన్నీ మామూలు గడియారాలైపోయాయి. మన ఇంట్లో ఉన్నదీ అలాంటి మామూలు గడియారమే అనుకోండి, గొడవ లేదు.

అలా అనుకుని వాడుకునే దారి ఉంది. సెట్టింగ్స్‌లోకి పోయి సిగ్నల్ వెతకడం ఆఫ్ చేయండి, చాలావాటిలో ఉంటుంది, లేకపోతే రోజూ రాత్రి దొరకని దాని కోసం వెతుకుతూ సెల్స్ తినేస్తుంది. డీఎస్టీ కూడా ఆఫ్ చేయండి, లేకపోతే కొన్ని మోడళ్లు మార్చిలో మన ఇంట్లో కూడా గంట ముందుకి దూకుతాయి. తర్వాత టైమ్, తేదీ చేత్తో పెట్టండి. తేదీలో నెల ముందు, రోజు తర్వాత వస్తుందని మర్చిపోకండి, మా ఆవిడ దాని ప్రకారం ఒక ఏకాదశి తప్పింది, ఇంకా అంటూనే ఉంది. ఫారన్‌హీట్ నుంచి సెల్సియస్‌కి మార్చే బటన్ వెనకే ఉంటుంది. సెన్సర్ మాత్రం ఇక్కడ నిక్షేపంగా పనిచేస్తుంది, దానికి కొలరాడో అక్కర్లేదు కదా. మా ఇంట్లో ఉత్తరపు వసారాలో, నీటి ట్యాంకు నీడన కట్టాను. మేడ మీద పడమటి గోడకి కట్టి చూశాను ఒకసారి, మేలో 53 అంది, మా పక్కింటాయన పేపర్‌కి ఫోన్ చేద్దామన్నారు, నేనే ఆపాను. అక్కడ ఉన్న పిల్లలకి చెప్పేదొకటే, తెస్తే వేడి చూపించే సరుకుగా తెండి, అటామిక్ అని చెప్పి తేకండి, ఇక్కడి షాపుల వాళ్లు నిజంగానే పరమాణువు కోసం విప్పుతున్నారు.

షాపులో కలిసిన పెద్దాయన ఆ గడియారాన్ని ఇప్పుడు తులసికోట పక్కన సెన్సర్ పెట్టి వాడుకుంటున్నారు, ఎండ తగలకుండా జరపమని చెప్పాను. నాది హాల్లో ఉంది. క్వార్ట్జే కాబట్టి నెలకి పది పదిహేను సెకన్లు తప్పుతుంది. ప్రతి ఆదివారం సాయంత్రం నాలుగింటికి ఫోన్ పక్కన పెట్టుకుని నేనే సరిచేస్తున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత స్టేషన్ మాస్టర్,
తెనాలి